టిక్కుగారి బిళ్ళల పెట్టుబడి

ఆ సోమవారం పొద్దున ఆ ఇంట్లో వేసుకున్న ప్లాను చాలా చిన్నది. శుక్రవారం సాయంత్రం భార్యాభర్తలిద్దరూ వెళ్ళి, బస్టాండు ఎదురుగా ఖాళీగా ఉన్న గదికి అడ్వాన్సు కట్టి, తాళంచెవి తెచ్చుకోవాలి. ఆ గదిలో ఆవిడ భోజనాల హోటల్ పెడుతుంది. అందుకోసం ఆవిడ పెళ్ళిళ్ళకీ ఆఫీసు మీటింగులకీ వంటలు చేసి ఏళ్ళ తరబడి కూడబెట్టిన డబ్బు భర్త బ్యాంకు ఖాతాలో భద్రంగా ఉంది. భద్రంగా ఉందన్నది ఆవిడ అభిప్రాయం.

"శుక్రవారం మర్చిపోకండి," అంది ఆవిడ కాఫీ అందిస్తూ. "ఆ గది కోసం చెప్పుల షాపతను కూడా తిరుగుతున్నాడట. ఒక్కరోజు ఆలస్యమైందంటే అక్కడ అన్నం బదులు చెప్పులు వడ్డిస్తారు."

"మర్చిపోతానా?" అన్నారు ఆయన, కప్పులోకి చూస్తూ.

"మర్చిపోరు లెండి. మీరు మర్చిపోయే మనిషయితే ఆ డబ్బు మీ దగ్గర ఎందుకు దాస్తాను!"

ఆ మాటకి ఆయనకి కాఫీ గొంతులో అడ్డంపడింది. ఆవిడ నెత్తిమీద తట్టి, నీళ్ళు తెచ్చిచ్చింది.

ఆయన తాళాల ఫ్యాక్టరీలో హెడ్ గుమాస్తా. అమ్మా నాన్నా పెట్టిన పేరు ఒకటుంది గానీ అది జీతాల పట్టీలో తప్ప ఎక్కడా వాడకంలో లేదు. ఫ్యాక్టరీలో అందరికీ ఆయన టిక్కుగారు. ఇనుము బిల్లయినా, కూలీల బిల్లయినా మూడుసార్లు సరిచూసి, చివర ఆకుపచ్చ ఇంకుతో ఒక టిక్కు పెడతారు. టిక్కు పడిందంటే ఇక తిరుగులేదు. యజమాని సంతకాన్ని అనుమానించినవాళ్ళు ఉన్నారు గానీ ఆ టిక్కుని అనుమానించినవాళ్ళు లేరు. అలవాటు ముదిరి ఇంట్లో పాల ప్యాకెట్ల మీదా, ఎవరైనా ఇచ్చిన పెళ్ళి శుభలేఖల మీదా కూడా టిక్కులు పడుతుండేవి.

అంతటి మనిషి రెండు నెలల కిందట భార్యకి చెప్పకుండా ఆ డబ్బంతా తీసి, జనరిక్ మందులు తయారుచేసే ఒక కంపెనీ షేర్లలో పెట్టారు. మూడుసార్లు సరిచూసే పెట్టారు. దీనికి ప్రేరణ మామగారు. మామగారికి రోగాలు తక్కువ, మందులు ఎక్కువ. ఆయన మందుల బిల్లు చూసినప్పుడల్లా అల్లుడి గుండె ఝల్లుమనేది. పేరున్న కంపెనీ కనిపెట్టిన మందుకి హక్కుల గడువు తీరిపోయాక, అదే మందుని వేరేవాళ్ళు తయారుచేసి సాదా రేకులో, అందులో ఏడో వంతు ధరకి అమ్ముతారని టిక్కుగారు ఎక్కడో చదివారు. ఇంక ఆలోచించడానికేముంది? ఒకే సరుకు రెండు ధరలకి దొరుకుతుంటే జనం చవకదే కొంటారు. కొంటే కంపెనీ పెరుగుతుంది. కంపెనీ పెరిగితే గది అడ్వాన్సే కాదు, గదిలోకి ఫ్రిజ్ కూడా వస్తుంది. అప్పుడు చెప్తే ఆవిడ మురిసిపోతుంది. లెక్కలో ఎక్కడా తప్పు లేదు. జనం లెక్క చూసుకుని మందులు కొంటారనుకోవడం ఒక్కటే తప్పు.

షేరు పడింది. మళ్ళీ పడింది. ఎందుకు పడిందో పేపర్లో రాశారు: మదుపరుల్లో నిరుత్సాహం. తానూ ఒక మదుపరే కాబట్టి ఆ మాటలో నిజముందని టిక్కుగారికి అనిపించింది. దాని కింద ఇంకో ముక్క ఉంది. చిన్న ఊళ్ళలో ఈ కంపెనీ మందులకి గిరాకీ లేదట. ఇప్పుడు అమ్మేస్తే సగం కూడా చేతికి రాదు. అమ్మకుండా కూర్చుంటే శుక్రవారం వచ్చేస్తుంది. అమ్మకాలు తగ్గి నష్టం వస్తే అమ్మకాలు పెంచాలి, ఇది ఏ గుమాస్తాకైనా తెలిసిన సంగతే. కాబట్టి టిక్కుగారు ఆఫీసుకి పోతూ దారిలో మందుల షాపు దగ్గర ఆగారు.

"ఈ కంపెనీ మందులున్నాయా?"

షాపాయన ఆయన్ని ఎగాదిగా చూశాడు. "అవెందుకండీ మీకు? మంచివే ఉన్నాయి కదా."

"ఇవీ మంచివే. మందు అదేనయ్యా."

"మందు అదేనండీ, కాదన్నానా? పెట్టె వేరు. జనం కొనేది పెట్టెనే." షాపాయన స్టూలెక్కి, పై అరలోంచి ఒక డబ్బా తీసి ఊదాడు. "ఆ కంపెనీది నా దగ్గర ఇదొక్కటే ఉంది. నులిపురుగుల బిళ్ళ. ఏజెంటు బతిమాలితే మొహమాటానికి తీసుకున్నా."

"నలుగురు అడిగితే ఇంకా తెప్పిస్తావా?"

"నలుగురు కాదు, ఓ పదిమంది అడగమనండి, పెట్టెలకి పెట్టెలు తెప్పిస్తా. అడగాలి కదా!"

"అడుగుతారు," అని టిక్కుగారు ఒక షీటు కొని జేబులో వేసుకున్నారు. ఒంట్లో ఏ బాధా లేకుండా మందు కొనడం ఆయనకి అదే మొదలు.

చిక్కల్లా ఆ బిళ్ళ పేరుతో వచ్చింది. చవక మందులకి పేరు పెట్టడానికి ఎవరూ ఖర్చుపెట్టరు కాబట్టి, లోపల ఏం ఉందో దాన్నే పేరుగా రాసేస్తారు. పలకబోతే నాలుక మడతపడుతుంది. అందుకని టిక్కుగారు ఆఫీసులో చిన్నచిన్న చీటీలు చింపి, వాటి మీద ఆ పేరు గుండ్రంగా రాశారు. మొదటి చీటీ పక్క టేబుల్ డిస్పాచ్ గుమాస్తాకి ఇచ్చారు. ఏ విషయమైనా అతని చెవిన వేస్తే ఇక టెలిఫోన్ ఖర్చు ఉండదు.

"ఇదుగో, సాయంత్రం ఇంటికి పోతూ మందుల షాపులో ఈ బిళ్ళ అడుగు. ఇంటిల్లిపాదీ వేసుకోండి."

"ఏం బిళ్ళ గురువుగారూ ఇది?"

"నులిపురుగులకి."

"నాకు పురుగులేమిటండీ!"

"ఉన్నాయని కాదయ్యా. అప్పుడప్పుడూ వేసుకుంటే మంచిదట."

"మరి ఇన్నేళ్ళూ లేనిది ఇవాళే ఎందుకు గుర్తొచ్చింది మీకు?"

టిక్కుగారికి అబద్ధం చెప్పడం చేతకాదు. చేతకాదు కాబట్టి, "అవన్నీ ఇప్పుడు బయటికి చెప్పకూడదులే," అని ఫైల్లో తలదూర్చారు.

డిస్పాచ్ గుమాస్తా చీటీ చూశాడు. పేరు కింద, అలవాటు చొప్పున, ఆకుపచ్చ టిక్కు ఉంది. అంటే మూడుసార్లు సరిచూశారన్నమాట. అతని చూపు మెల్లిగా టిక్కుగారి టేబుల్ మీదికి పోయింది. అక్కడ పెండింగు ట్రేలో, అన్నిటికన్నా పైన, క్యాంటీన్ బిల్లు పడుంది. దాని మీద టిక్కు లేదు. శనివారమే పడాల్సిన టిక్కు అది. షేర్ల బెంగతో టిక్కుగారు రెండు రోజులుగా ఏ బిల్లూ ముట్టుకోలేదు, పైన ఉన్నది క్యాంటీన్ బిల్లు కావడం దాని ఖర్మ. కానీ ఆ సంగతి డిస్పాచ్ గుమాస్తాకి ఎలా తెలుస్తుంది?

"గురువుగారూ," అన్నాడు గొంతు తగ్గించి. "ఇవాళ క్యాంటీన్‌కి వస్తున్నారా?"

"లేదయ్యా. అన్నం మీదికి మనసు పోవడం లేదు."

అంతే. ఇంక చెప్పాల్సిందేముంది? భోజనాల గంట కొట్టేసరికి క్యాంటీన్ తిండిలో పురుగులున్నాయన్న మాట ఫ్యాక్టరీ అంతా పాకి, ఫిట్టింగ్ సెక్షన్ మొత్తం తినకుండా లేచిపోయింది. తాళంచెవులు అరగదీసే సెక్షన్లో అప్పటికే తిన్న ఒకతనికి కడుపులో ఏదో పాకుతున్నట్టు అనిపించి, బయట అరుగు మీద పడుకోబెట్టారు.

సాయంత్రం మందుల షాపు ముందు క్యూ కట్టారు జనం. టిక్కుగారు రోడ్డుకి అవతల నిలబడి కళ్ళారా చూశారు. ఆయనకి కళ్ళు చెమ్మగిల్లాయి. పదిమంది అడగమన్నాడు, వందమంది అడుగుతున్నారు! క్యూ పలచబడ్డాక వెళ్ళి, "ఎలా ఉంది గిరాకీ?" అన్నారు.

"అబ్బో, దుమ్ము రేగిపోయిందండీ," అన్నాడు షాపాయన సంబరంగా. "ఖరీదైన బిళ్ళలు ఒక్కటీ మిగల్లేదు."

"ఖరీదైనవా? చీటీలో రాసినవి?"

"చూపించాను. ధర విని వెనక్కిచ్చేశారు. ఇంత చవకదానికి పురుగులు చస్తాయా, నవ్వుతాయి గానీ, అన్నారు. మీ డబ్బా అలాగే ఉంది."

టిక్కుగారు మారు మాట్లాడకుండా ఇంకో రెండు షీట్లు కొన్నారు. మర్నాడు పేపర్లో ఆ ఖరీదైన బిళ్ళల కంపెనీ షేరు కాస్త పెరిగింది. దానికీ దీనికీ సంబంధం ఉందని టిక్కుగారు తప్ప ఎవరూ అనుకోలేదు.

మంగళవారం మేనేజర్ కబురుపెట్టాడు. ఇక్కడ పాఠకులకి ఒక సంగతి చెప్పాలి. ఆ క్యాంటీన్ నడిపేది మేనేజర్ బావమరిది. కాగితాల మీద మాత్రం ఇంకెవరి పేరో ఉంటుంది. తిన్నవాళ్ళకన్నా ఎక్కువమందికి బిల్లు వస్తుంది. ఆ ఎక్కువ ఎటు పోతుందో బావాబావమరుదులకి తప్ప ఎవరికీ తెలియదు. కాగితంలో కూడికలు సరిగ్గానే ఉంటాయి కాబట్టి టిక్కుగారికి కూడా తెలియదు.

"ఏమయ్యా, కూర్చో," అన్నాడు మేనేజర్. "క్యాంటీన్ విషయంలో ఏదో కనిపెట్టావట?"

"నేనేం కనిపెట్టలేదు సార్."

"మరి బిల్లుకి టిక్కెందుకు పెట్టలేదు?"

"ఇంకా చూడలేదు సార్."

"నువ్వు? బిల్లు చూడలేదా?"

"మనసు బాగోలేదు సార్."

మేనేజర్ కుర్చీ ముందుకి లాక్కున్నాడు. బిల్లు చూసిన గుమాస్తాతో బేరమాడొచ్చు, మనసు బాగోలేని గుమాస్తాతో ఏం మాట్లాడాలో ఏ మేనేజర్‌కీ తెలియదు. "చూడండి," అన్నాడు. అతని నోట 'నువ్వు' పోయి 'మీరు' రావడం టిక్కుగారు గమనించలేదు. "మీకు ఎంతవరకు తెలుసు?"

"దేని గురించి సార్?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడని సామెత. ఇక్కడ దొంగా అని ఎవరూ అననే లేదు. మేనేజర్ చొక్కా భుజాలు మాత్రం తడిసిపోయాయి.

"సరే, సరే. మీరు చెప్పరు. పెద్దమనిషి కాబట్టి చెప్పరు. క్యాంటీన్ ఇవాళే మూయించేస్తాను. నీళ్ళ తొట్టి కడిగిస్తాను. కంపెనీ ఖర్చుతో అందరికీ బిళ్ళలు పంచుదాం. సరేనా అండీ?"

టిక్కుగారికి ప్రాణం లేచొచ్చింది. జేబులోంచి షీటు తీసి బల్ల మీద పెట్టారు. "అయితే ఇవి తెప్పిద్దాం సార్. మందు అదే, ధర ఏడో వంతు."

మేనేజర్ ఆ షీటు వంకా, టిక్కుగారి వంకా మార్చిమార్చి చూశాడు. "వద్దండీ. ఇందులో కూడా చవకలో కానిచ్చేసి మిగిలింది మింగానని రేపు మీరెక్కడైనా అంటే? అన్నిటికన్నా ఖరీదైనవే తెప్పించండి."

"నా మాట వినండి సార్, చవకవే మంచివి."

"నన్ను పరీక్ష పెట్టకండీ," అన్నాడు మేనేజర్ చేతులు జోడించినంత పని చేసి.

ఖరీదైన బిళ్ళలే వచ్చాయి. ఆ బిల్లుకి టిక్కు పెట్టాల్సింది కూడా టిక్కుగారే. కూడికలు సరిపోయాయి, పెట్టారు.

బుధవారం తొట్టి కడిగారు. దాని మూత ఎప్పుడు పోయిందో ఎవరికీ గుర్తు లేదు. నీళ్ళు తోడేశాక అడుగున పావురాల ఈకలు, ఒక కాలి చెప్పు, పేరు పెట్టడానికి వీల్లేని మరికొన్ని వస్తువులు బయటపడ్డాయి. ఫ్యాక్టరీ ఫ్యాక్టరీ అంతా వచ్చి చుట్టూ నిలబడి చూసింది. "టిక్కుగారు ముందే చెప్పారు" అన్నారు ఒకరు. "ఆయన ఊరికే అంటారా?" అన్నారు ఇంకొకరు. ముసలి ఫోర్‌మన్ దగ్గరికొచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకుని, "మా ప్రాణాలు కాపాడారు బాబూ," అన్నాడు. ఆ నీళ్ళు తానూ ఇన్నేళ్ళూ తాగానని టిక్కుగారికి అప్పుడే తట్టింది.

సాయంత్రం తిన్నగా మందుల షాపుకి పోయారు. అప్పటిదాకా ఆయన కొనడమే గానీ ఒక్క బిళ్ళా మింగలేదు.

"మీదేనాండీ? రెండు షీట్లా?" అంటూ షాపాయన సాదా రేకుల డబ్బా అందుకోబోయాడు.

టిక్కుగారు అటూ ఇటూ చూశారు. "అది కాదు. ఆ రెండోది ఇవ్వు."

"ఖరీదైనదా?"

"ఆఁ. నాకే."

షాపాయన సాదా రేకుల డబ్బాని మళ్ళీ పై అరలోకి ఎక్కించాడు. మదుపు పెట్టేవాడు వేరు, మింగేవాడు వేరు అని టిక్కుగారికి ఆ క్షణాన తెలిసొచ్చింది.

ఇంటికి చేరేసరికి గుమ్మం దగ్గరే మామగారి గొంతు వినబడింది. షాపాయన ఎప్పుడో చెప్పేసినట్టున్నాడు.

"అల్లుడుగారు రోజూ చవక బిళ్ళలు కొంటున్నారంటే అర్థమేమిటో తెలుసా అమ్మాయీ? పిండి కొద్దీ రొట్టె, డబ్బు కొద్దీ మందు. చేతిలో డబ్బుంటే ఎవరైనా ఆ రేకు బిళ్ళలు మింగుతారా? ఆయనకేదో రోగం వచ్చింది. పైగా డబ్బు పోయింది. రెంటిలో ఏది ముందో ఏది వెనకో తెలియదు గానీ, రెండూ నిజం."

"ఊరుకోండి నాన్నా, ఆయన అలాంటి మనిషి కాదు."

"మనిషి మంచివాడే. రోగానికి మంచీ చెడ్డా ఏమిటి?"

అందరి లెక్కలూ తప్పుతున్న ఆ వారంలో సగం నిజమైనా కనిపెట్టింది మామగారొక్కరే. అదీ తప్పుదారిన పోయి కనిపెట్టారు.

టిక్కుగారు లోపలికి రాగానే మామగారు ఆయన్ని దీపం కింద కూర్చోబెట్టి నాలుక చాపించారు, కనురెప్పలు లాగి చూశారు, "ఊఁ" అన్నారు. ఆ "ఊఁ" ఏ డాక్టర్ దగ్గరా దొరకదు. "మందు అదేనండీ మామగారూ, ధరే వేరు" అని టిక్కుగారు చెప్పబోతే, "అదే మందయితే అంత చవగ్గా ఎందుకిస్తారు అల్లుడుగారూ? ఎవడి ఇల్లు బాగుచేద్దామని?" అని నోరు మూయించారు. ఆవిడ మాత్రం ఏమీ అడగలేదు. అన్నం పెట్టి, వద్దంటున్నా మారు మారు వడ్డిస్తూనే ఉంది. డబ్బు సంగతి అడుగుతుందేమోనని ఆయన ప్రతి ముద్దకీ హడలిపోయారు. అడిగుంటేనే నయమనిపించింది.

గురువారం టిక్కుగారు ఒక నిర్ణయానికి వచ్చారు. షేరు లేవదు. ఉన్న దారి ఒక్కటే, జీతం మీద అడ్వాన్సు అడగడం. ఉద్యోగంలో చేరాక ఆయన అడ్వాన్సు అడగడం అదే మొదలు కాబట్టి ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. మేనేజర్ గదిలోకి వెళ్ళి తలుపు వేశారు. తలుపు వేయడంతోనే మేనేజర్ లేచి నిలబడ్డాడు.

"సార్, ఒక మాట. నోరు తెరిచి అడగడానికి సిగ్గుగా ఉంది."

"ఫర్వాలేదు, అడగండి. ఎప్పుడో ఒకప్పుడు అడుగుతారని తెలుసు."

"మా ఆవిడ వంట బాగా చేస్తుంది సార్. పదిమందికి భోజనాలు పెట్టే ఏర్పాటు చేసుకోవాలని ఎప్పటినుంచో అనుకుంటోంది. రేపు శుక్రవారంలోగా ఆ పని అయిపోవాలి. కాకపోతే ఆవిడకి నా మొహం చూపించలేను. మీరు తలుచుకుంటే అవుతుంది."

మేనేజర్ నెమ్మదిగా కూర్చున్నాడు. మొహంలో భయం పోయి ఒక రకమైన గౌరవం వచ్చింది. ఇన్ని రోజులూ ఈయనకేం కావాలో తెలియక నిద్రపట్టలేదు. ఇప్పుడు తెలిసింది.

"అంతేనా?"

"అంతే సార్. ఇంకేం వద్దు."

"తరవాత... ఆ పాత బిల్లుల సంగతి?"

"పాతవన్నీ టిక్కు పెట్టేసినవే కదా సార్."

"చాలు సార్," అన్నాడు మేనేజర్. ఈసారి 'సార్' అన్నది మేనేజర్. "రేపటికల్లా కాగితాలు సిద్ధంగా ఉంటాయి. మాట మాటే."

ఇంత తేలిగ్గా అడ్వాన్సు ఇస్తారని తెలిస్తే ఇన్ని బిళ్ళలు కొనేవాణ్ణి కాదుగా అనుకుంటూ టిక్కుగారు ఈల వేసుకుంటూ ఇంటికి వచ్చారు. ఆవిడ గుమ్మంలో కూరగాయలు తరుగుతోంది. తల ఎత్తకుండానే అంది.

"గది వద్దని చెప్పేశానండీ."

ఆయనకి ఈల ఆగిపోయింది. "ఏమిటీ?"

"మధ్యాహ్నం వెళ్ళి చెప్పేశాను. చెప్పుల షాపతను అక్కడే ఉన్నాడు, నా ఎదురుగానే తాళంచెవి తీసుకున్నాడు."

"రేపు కదా మనం... ఎందుకు చెప్పావు?"

"మీ ఒంట్లో బాగోలేదు. పైకి చెప్పరు. మందు బిళ్ళకి కూడా చవకా ఖరీదూ చూసుకుంటున్నారు, నా హోటల్ డబ్బు ముట్టుకోకూడదని. నాకు తెలియదా?" కత్తి పక్కన పెట్టింది. కళ్ళు తుడుచుకుని, ఉల్లిపాయల మీదికి నెట్టడానికి చూసింది గానీ ఆవిడ తరుగుతున్నది బెండకాయలు. "మీరుంటే హోటల్ ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. ఆ డబ్బు తియ్యండి. పెద్ద డాక్టర్‌కి చూపించుకుందాం. ఖరీదైన మందులే వాడదాం."

టిక్కుగారు మెట్టు మీద కూలబడ్డారు. ఆయన బతుకులో ఎన్నో బిల్లులు చూశారు గానీ ఇంత సిగ్గు ఎన్నడూ పడలేదు. ఈ మనిషినా తాను మోసం చేసింది! ఇంక దాచడం ఆయన వల్ల కాలేదు.

"నాకే రోగమూ లేదే. ఆ డబ్బే లేదు."

మొదటినుంచి చివరిదాకా చెప్పేశారు. ఫ్రిజ్ సంగతి కూడా చెప్పారు. అంతా అయ్యాక ఆవిడ బెండకాయల పళ్ళెం పక్కకి జరిపి అడిగింది.

"అంటే మీకు పురుగుల్లేవా?"

"లేవు. నిన్నటినుంచి అసలే లేవు."

"డబ్బేమో ఆ బిళ్ళల కంపెనీలో ఉంది."

"ఆఁ. సగానికి తక్కువ."

"కంపెనీని లేపడానికి మీరు మన వీధి షాపులో బిళ్ళలు కొన్నారు."

అలా విడిగా చెప్తే అందులో తెలివి తక్కువతనం ఉన్నట్టు ఆయనకే తోచింది. "చాలానే కొన్నాను," అన్నారు.

"పొయ్యి దగ్గర నిలబడి సంపాదించానండీ ఆ డబ్బు! ఒక్క మాట నన్ను అడిగుంటే వద్దనేదాన్ని కదా."

"అందుకే అడగలేదు."

ఆవిడ కత్తి అందుకుని మిగిలిన బెండకాయల మీద పడింది. రాత్రి అన్నం మాత్రం పెట్టింది. మారు వడ్డించలేదు.

శుక్రవారం సాయంత్రం గుమ్మం ముందు కారు ఆగింది. మేనేజర్ దిగి, చంకలో కాగితాలతో లోపలికి వచ్చి, ఆవిడకి నమస్కారం పెట్టాడు.

"అమ్మా, మీవారు కోరినట్టే చేశాం. ఫ్యాక్టరీ క్యాంటీన్ కాంట్రాక్టు ఇవాళ్టినుంచి మీ పేరు మీద. పొయ్యిలూ గిన్నెలూ అన్నీ అక్కడే ఉన్నాయి. అడ్వాన్సుతో పనిలేదు. మీరు వచ్చి వండటమే."

ఆవిడ భర్త వంక చూసింది. టిక్కుగారు నోరు తెరిచారు. "సార్, నేనడిగింది జీతం మీద అడ్వాన్సు..."

"అలాగే అనుకుందాం సార్," అన్నాడు మేనేజర్, అన్నీ తెలిసినవాడిలా నవ్వి. "మీ నిజాయితీ ముందు మేమెంత! యజమానిగారు కూడా చాలా సంతోషించారు. రేపు మీటింగు పెట్టి మిమ్మల్ని సన్మానిస్తున్నాం. అమ్మగారు కూడా తప్పకుండా రావాలి."

టిక్కుగారు ఇంకోసారి నోరు తెరవబోయారు గానీ ఆవిడ చూపు చూసి మూసేశారు. ఆ కాంట్రాక్టు ఎవరి భయం వల్ల వచ్చిందో ఆవిడకి తెలియదు, తెలుసుకునే ఓపికా లేదు. వండటం తెలుసు.

"నీళ్ళ తొట్టికి మూత పెట్టించారా?"

"ఆర్డరిచ్చామమ్మా."

"మూత వచ్చాకే పొయ్యి వెలిగిస్తాను. సరుకు నేనే కొంటాను. తిన్నవాళ్ళెంతమందో అంతమందికే బిల్లు. ఒక్క మనిషి ఎక్కువా రాయను, తక్కువా రాయను."

మేనేజర్ మొహం కాస్త పాలిపోయింది. "అలాగేనమ్మా. బిల్లు ఎలాగూ మీవారే చూస్తారు."

"వద్దు," అంది ఆవిడ. "ఇంకెవరైనా చూడాలి."

మేనేజర్‌కి ఆ ఇంట్లో నిజాయితీ ఏ స్థాయిలో ఉందో చూసి కళ్ళు తిరిగాయి. కారెక్కేదాకా వెనక్కి తిరిగి చూడలేదు. అతను వెళ్ళాక ఆవిడ కాగితాలు బీరువాలో పెట్టి తాళం వేసింది.

"ఆ షేర్లు కూడా నా పేరుకి మార్పించండి," అంది. "పడ్డా నావే, లేచినా నావే. మీరు మాత్రం ఇంక వాటి గురించి ఎవరికీ ఏ బిళ్ళా చెప్పకండి."

శనివారం ఫ్యాక్టరీ హాల్లో మీటింగు జరిగింది. ఫిట్టింగ్ సెక్షన్ వాళ్ళు ముందే వచ్చి కూర్చున్నారు. ఆవిడకి మొదటి వరసలో కుర్చీ వేశారు, పక్కన మామగారు. యజమాని టిక్కుగారికి ఫ్యాక్టరీలో తయారైన అన్నిటికన్నా పెద్ద తాళం బహూకరించాడు. దానికి ఆయన రెండు చేతులూ సరిపోలేదు. తరవాత మేనేజర్ మైకు ముందుకొచ్చాడు.

"పరుల సొమ్ము పాము వంటిది అని అందరూ అంటారు. ఆ మాట పాటించినవాణ్ణి నేను ఒక్కణ్ణే చూశాను. తనది కాని డబ్బు మీద చెయ్యి వెయ్యని మనిషి, ఎవరి దగ్గరా ఏదీ దాచని మనిషి, ఇదుగో, మన టిక్కుగారు!"

చప్పట్లు మోగాయి. టిక్కుగారు తాళం వంకే చూస్తున్నారు. ఒక్క మాటతో ఈ హాలు ముందు తన పరువంతా గంగలో కలుస్తుంది. ఆ మాట తెలిసిన మనిషి మొదటి వరసలో చేతులు కట్టుకుని కూర్చుంది. గురువారంనుంచి ఆవిడ ఆయనతో అవసరానికి మించి మాట్లాడలేదు. క్షమించిందో లేదో ఆయనకి తెలియదు, అడిగే ధైర్యమూ లేదు.

"ఇంత నిజాయితీని ఇంట్లో రోజూ కళ్ళారా చూసే అదృష్టం ఒక్కరిదే," అన్నాడు మేనేజర్. "అమ్మా, మీరొచ్చి రెండు మాటలు చెప్పాలి."

టిక్కుగారి చేతిలో తాళం జారబోయింది. ఆవిడ లేచి, చీర సర్దుకుని, తిన్నగా మైకు దగ్గరికి వచ్చింది. ఆవిడ భర్తని కాసేపు చూసింది. ఆయన కళ్ళెత్తి ఆవిడని చూశారు. బతిమాలడం కూడా మర్చిపోయి, ఏం పడితే అది పడనీ అన్నట్టు నిలబడ్డారు. ఆవిడ పెదవుల చివర, వారం రోజుల్లో మొదటిసారి, నవ్వులాంటిది కనబడింది.

"నాకు పెద్దగా మాట్లాడటం రాదండీ," అంది. "మావారి నిజాయితీ ఎంతటిదో నాకూ ఈ గురువారమే తెలిసింది."

హాలు దద్దరిల్లిపోయేలా చప్పట్లు కొట్టారు. తాళం కింద పెట్టి టిక్కుగారు కూడా కొట్టారు, కొట్టకపోతే బాగుండదు కదా.